ఇలోయిలోనా, బకోలోడా: ఫిలిప్పీన్స్‌లో నాలుగు రోజులు గడపడానికి ఏది మేలు?

మనీలాలోనో దావావులోనో వైద్యవిద్య చదువుతున్న పిల్లలను చూడటానికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు, చేతిలో మరో నాలుగు రోజులు మిగిలితే సాధారణంగా బొరాకాయ్ తీరానికో సెబూకో టికెట్లు తీసుకుంటారు. పర్యటనకు వెళ్లే భారతీయులకు 2025 జూన్ నుంచి 14 రోజుల వరకు వీసా అవసరం లేకపోవడంతో, ఆ దేశాన్ని చూడటానికే బయలుదేరేవారి నోట కూడా ఎక్కువగా ఆ రెండు పేర్లే వినిపిస్తాయి. సముద్రపు ఒడ్డు మనకూ ఉంది. అక్కడి జనం ఏం తింటారు, పండుగ ఎలా చేసుకుంటారు, సాయంత్రాలు ఎక్కడ గడుపుతారు అన్నది చూడదలచినవారికి మాత్రం జలసంధికి అటూ ఇటూ ఉన్న ఇలోయిలో, బకోలోడ్ నగరాలను సూచిస్తాను. రెండూ ఆతిథ్యానికి పేరుపడ్డవే. మొదటిదానికి ప్రేమ నగరమని, రెండోదానికి చిరునవ్వుల నగరమని ఆ దేశంలో పేర్లున్నాయి. ఒక్కదానికే వీలు కుదిరినప్పుడు దేన్ని ఎంచుకోవాలన్నదే ప్రశ్న.

ఇలోయిలో పనాయ్ ద్వీపంలోను, బకోలోడ్ నీగ్రోస్ ద్వీపంలోను ఉన్నాయి. మధ్యలో గిమరాస్ అనే చిన్న ద్వీపం ఉంది. వేగంగా నడిచే పడవలో ఒక ఊరి నుంచి మరో ఊరికి గంట, గంటన్నర ప్రయాణం. రెండు చోట్లా మాట్లాడేది హిలిగైనోన్ భాషే. దీనికి కారణం చక్కెర. 1855లో ఇలోయిలో రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. మరుసటి ఏడాది బ్రిటిష్ వైస్ కాన్సుల్‌గా వచ్చిన నికొలస్ లోనీ చెరకు సాగుకు అప్పులు, యంత్రాలు సమకూర్చడంతో, అంతవరకు చేనేతకు పేరుపొందిన ఇలోయిలో నుంచి కలిగిన కుటుంబాలు ఎన్నో జలసంధి దాటి నీగ్రోస్‌లో చెరకు తోటలు వేశాయి. అక్కడ పండిన చక్కెర తిరిగి ఇలోయిలో రేవు మీదుగానే విదేశాలకు వెళ్లేది. ఆ విధంగా ఒకే జనం రెండు ఊళ్లయ్యారు. ఇలోయిలో వాళ్లు దాచుకుంటారని, బకోలోడ్ వాళ్లు ఖర్చు పెడతారని ఇప్పటికీ అక్కడ పరాచికాలాడుకుంటారు. అతిశయోక్తే అయినా, రెండు నగరాల మధ్య కనిపించే తేడాల్లో చాలావాటిని ఈ ఒక్క మాట పట్టి చూపుతుంది.

పండుగలతో మొదలుపెడదాం. ఇలోయిలోలో దినగ్యాంగ్ జనవరి నాలుగో ఆదివారం నాడు, అంటే మన సంక్రాంతి వెళ్లిన ఒకటి రెండు వారాలకు జరుగుతుంది. సాంతో నిన్యో అని పిలుచుకునే బాల యేసు ప్రతిమకు నకలును 1968లో సెబూ నుంచి ఇలోయిలోలోని సాన్ హోసే చర్చికి తీసుకురావడంతో ఈ ఉత్సవం మొదలైంది. ఇప్పటి పేరు 1977లో స్థిరపడింది. పనాయ్ ద్వీపపు ఆదివాసులైన అతీల వేషంలో, ఒళ్లంతా నల్లరంగు పూసుకుని, ఈకల కిరీటాలు ధరించిన బృందాలు డోళ్ల మోతకు అనుగుణంగా వీధుల్లో ఆడతాయి. వీరిలో ఎక్కువమంది బడి పిల్లలు. నెలల తరబడి సాధన చేసి, న్యాయనిర్ణేతల ముందు పోటీపడతారు కాబట్టి అడుగులో తేడా, చేతి కదలికలో వెనుకబాటు వెతికినా కనిపించవు. భక్తి, కవాతు, నాటకం మూడూ కలగలిసిన ప్రదర్శన ఇది. అయితే టికెట్ కొని గ్యాలరీలో కూర్చున్నవారికి పండుగను చూడటమే తప్ప అందులో దిగే అవకాశం తక్కువ. పైగా, తమ రూపాన్ని వేషంగా వేసుకునే ఈ సంబరంలో అసలైన అతీలకు దక్కే చోటు ఎంత అన్న ప్రశ్న కూడా ఉంది. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ నల్లరంగు అంత తేలికగా కంటికి ఆనదు.

బకోలోడ్‌లో మాస్కారా అక్టోబరులో, నగర ఆవిర్భావ దినమైన 19వ తేదీని కలుపుకుని జరుగుతుంది. నవ్వు ముఖాల ముసుగులు చూసినవారు దీన్ని ఏదో ఉల్లాసంలోంచి పుట్టిన పండుగ అనుకుంటారు గాని, దీని పుట్టుక వేరు. 1980లో నీగ్రోస్ చక్కెర రంగం కష్టాల్లో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 22న మనీలా నుంచి బకోలోడ్‌కు వస్తున్న డాన్ హువాన్ అనే ఓడ చమురు నౌకను ఢీకొని మునిగిపోగా, నగరంలోని అనేక కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి. జనం కుంగిపోకుండా ఉండాలని కళాకారులు, నగరపాలకులు కలిసి అదే ఏడాది ఈ ఉత్సవాన్ని మొదలుపెట్టారు. తొలి రోజుల్లో కాగితపు గుజ్జుతో చేసి చేత్తో రంగులు వేసిన ముసుగులు వాడేవారు. తరువాత ప్లాస్టిక్, పూసలు, ఈకలు, చివరికి విద్యుత్ దీపాలు కూడా వచ్చి చేరాయి. పగటి పోటీల కన్నా రాత్రివేళ లాక్సన్ వీధిలో దీపాల వేషాలతో సాగే ఊరేగింపునే నేను ఎక్కువ మెచ్చుకుంటాను; వరుసకు, జనానికి మధ్య దూరం అక్కడ చాలా తక్కువ. బీరు కంపెనీల పందిళ్లు, హోరెత్తించే స్పీకర్లు తప్పవు. నాట్యకళ దృష్టితో చూస్తే దినగ్యాంగ్ ఒక మెట్టు పైనే ఉంటుంది. భాష రాని పరాయివాడు మొదటి రాత్రే కలిసిపోగలిగేది మాత్రం మాస్కారాలోనే.

తిండి విషయంలో తెలుగువారికి తీర్పు చెప్పడం ఇంకా సులువు. బకోలోడ్ పేరు చెప్పగానే ఫిలిప్పీన్స్ అంతటా గుర్తుకొచ్చేది చికెన్ ఇనాసల్. కోడి ముక్కలను కలమాన్సీ అనే చిన్న నిమ్మ రసం, వెనిగర్, నిమ్మగడ్డి, అల్లం, వెల్లుల్లి కలిపి నానబెట్టి, వెదురు పుల్లలకు గుచ్చి, బొగ్గుల మీద కాలుస్తూ, మన మన్యంలోనూ పండే జాఫ్రా గింజల రంగు దిగిన నూనెను మాటిమాటికీ పూస్తారు. కాలు ముక్క, రొమ్ము ముక్క, రెక్క, కాలేయం, తోక దగ్గరి కొవ్వు ముక్క, ఏది కావాలో అది విడిగా అడగాలి. బల్ల మీద మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం ఊరేసిన సినమాక్ అనే వెనిగర్ సీసా, సోయా సాస్, కలమాన్సీ పెట్టి ఉంటాయి. వాటిని చిన్న గిన్నెలో ఎవరి పుల్లదనం వారు కలుపుకుని, వెల్లుల్లి అన్నం మీద ఆ నారింజరంగు నూనె ఒక చెంచా పోసుకుని, చేత్తో తింటారు. కారం చాలదనిపిస్తే సినమాక్‌లోని మిరపకాయను నలిపితే సరి. ఆ తరువాత తినవలసింది పియాయా. ముడి చక్కెరను లోపల కూరి, పలుచగా ఒత్తి, పెనం మీద కాల్చిన ఈ రొట్టె బెల్లం పూర్ణం పెట్టిన బొబ్బట్టుకు కాస్త గట్టిపడిన చెల్లెలు.

ఇలోయిలో వంట ఇంతకన్నా లోతైనది, మనకు ఇంతకన్నా కష్టమైనది కూడా. ఈ నగరాన్ని 2023లో యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో వంటల విభాగంలో చేర్చింది. ఫిలిప్పీన్స్‌కు ఆ విభాగంలో అదే మొదటి గుర్తింపు. లా పాజ్ బజారులో పుట్టిన బాచోయ్ అనే నూడుల్స్ పులుసు ఇక్కడి ప్రధాన వంటకం. పంది మాంసం, లోపలి భాగాలు, కరకరలాడే పంది చర్మపు పొడి, ఎముకల మూలుగ అన్నీ అందులోనే ఉంటాయి. పంది మాంసం తినేవారికి ఇది వదులుకోకూడని వంట. గిన్నె సగమయ్యాక అడిగితే వేడి పులుసు మళ్లీ పోస్తారు. తినని వారికి బజారులో కూర్చోవడమే మిగులుతుంది. కందులు, పనసకాయ, పంది మాంసం కలిపి, బాత్వాన్ అనే పుల్లని కాయతో పులుపు తెచ్చే మరో కూర ఉంది. కందులను, పనసను ఒకే కుండలో చూసి ఆశపడ్డ తెలుగువాడు మూడో వస్తువు దగ్గర ఆగిపోతాడు. శాకాహారులు లస్వా అనే కూరగాయల పులుసు గురించి అడగవచ్చు. బెండకాయ, గుమ్మడి, వంకాయ, ఆకుకూరలతో చేస్తారు గాని, రొయ్యలు వేయడం పరిపాటి కాబట్టి వద్దని ముందే గట్టిగా చెప్పాలి. పూర్తి శాకాహారికి రెండు నగరాల్లోనూ ఇబ్బంది తప్పదు. పండ్లతో కడుపు నింపుకోగలిగితే, ఇలోయిలో నుంచి చిన్న పడవలో పావుగంటలో చేరే గిమరాస్ మామిడికి ప్రసిద్ధి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లినవారు బంగినపల్లితో పోల్చి వాదించుకోవచ్చు.

సాయంత్రాలు గడపడంలో ఇలోయిలోకు పోటీ లేదు. నగరం మధ్య నుంచి పారే నది ఒడ్డున, వరద నియంత్రణ కోసం వేసిన రోడ్డును నడకదారిగా మార్చి 2012లో ప్రజలకు తెరిచారు. తరువాత దాన్ని కొన్ని కిలోమీటర్ల మేర పొడిగించారు. కార్లు రాని ఆ దారిలో మడ చెట్ల పక్కన ముసలివాళ్లు నడుస్తారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, ఎవరి దగ్గరా ఎవరూ డబ్బు వసూలు చేయరు. పగలు చూడటానికి మోలో చర్చి ఉంది. లోపలి స్తంభాల వెంట పదహారు మంది మహిళా సాధువుల విగ్రహాలే వరుసగా నిలబడి ఉండటం దాని ప్రత్యేకత. హారో కేథడ్రల్‌లో ఫిబ్రవరి 2న కొవ్వొత్తుల మాతకు పెద్ద తిరునాళ్లు జరుగుతాయి. నలభై కిలోమీటర్ల దూరంలోని మియగావ్ చర్చి 1993 నుంచి ప్రపంచ వారసత్వ కట్టడం. దాని రాతి ముఖభాగం మీద బాల యేసును మోస్తున్న క్రిస్టఫర్ అనే సాధువు చుట్టూ కొబ్బరి, బొప్పాయి చెట్లు చెక్కి ఉన్నాయి. ఐరోపా కథలోకి స్థానిక శిల్పి తన పెరటి చెట్లను తెచ్చిపెట్టిన తీరును అరగంట నిలబడి చూడవచ్చు.

బకోలోడ్‌లో చూడవలసినవి నగరం బయటే ఎక్కువ. తలిసాయ్‌లో చెరకు తోటల మధ్య ఉన్న శిథిల సౌధాన్ని మరియానో లాక్సన్ అనే భూస్వామి, ప్రసవానికి ముందే మరణించిన భార్య మరియా జ్ఞాపకార్థం కట్టించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం చేతికి చిక్కకూడదని గెరిల్లాలు దానికి నిప్పుపెట్టగా గోడలు మాత్రం మిగిలాయి. సిలాయ్ పట్టణంలోని పాత చక్కెర దొరల ఇళ్లలో కొన్ని ఇప్పుడు మ్యూజియంలు. వాటి పాలిష్ చేసిన చెక్క నేలలు చూసేటప్పుడు, పనాయ్ నుంచి కోతకు వలసవచ్చిన కూలీలను, కోతలు లేని నెలల్లో వారికి పని దొరకని సంగతిని, 1980ల మధ్యలో చక్కెర ధర కూలినప్పుడు ఇదే ద్వీపంలో పిల్లలు ఆకలికి చనిపోయిన సంగతిని కూడా తెలుసుకుని ఉండటం మంచిది. మార్గదర్శకులు ప్రేమకథ చెప్పినంత వివరంగా ఇవి చెప్పరు.

మర్యాదల్లో రెండు ఊళ్లకూ తేడా లేదు. పెద్దవారి చేయి అందుకుని నుదుటికి ఆనించుకోవడం, పరిచయం లేని పెద్దవారిని కూడా మానోంగ్, మానాంగ్ అంటూ అన్నా, అక్కా వరుసలతో పిలవడం మనవారికి వెంటనే అలవాటవుతాయి. కోడిపందేల మీద మక్కువ ఉన్న గోదావరి జిల్లాల వారికి ఒక మాట: అక్కడ అనుమతి ఉన్న బరుల్లో పందేలు చట్టబద్ధం, నీగ్రోస్ పందెం కోళ్ల పెంపకానికి దేశంలోనే పేరుపడ్డ చోటు. నాకు అందులో ఆసక్తి లేదు, సిఫారసు చేయను.

ఏది మేలని సూటిగా అడిగితే, ఇలోయిలో అంటాను. పెద్దలతో, చిన్నపిల్లలతో వెళ్లే కుటుంబానికి నడవడానికి చోటు, దగ్గర దగ్గరగా చూడవలసినవి, జనవరి నుంచి మార్చి వరకు కాస్త పొడి వాతావరణం అక్కడ కలిసివస్తాయి. దసరా, దీపావళి సెలవులు తప్ప మరో తీరిక లేనివారు, ముఖ్యంగా యువత, వాన పడే అవకాశాన్ని ఒప్పుకుని మాస్కారా వేళకు బకోలోడ్ వెళ్లడం మంచిది. పంది మాంసం ముట్టని, కోడి మాత్రం వదలని ఇంటివారు కూడా బకోలోడ్‌కే ఒక రోజు ఎక్కువ కేటాయించాలి. బకోలోడ్ విమానాశ్రయం ఉన్నది సిలాయ్‌లోనే కాబట్టి, ఇలోయిలోలో దిగి, రెండు రోజులుండి, మూడో రోజు ఉదయపు పడవలో జలసంధి దాటి, మధ్యాహ్నం ఇనాసల్ తిని, మర్నాడు సిలాయ్ ఇళ్లు చూసి అటునుంచి అటే మనీలా విమానం ఎక్కితే వచ్చిన దారిన వెనక్కి వెళ్లే పని ఉండదు. సముద్రం పోటుగా ఉన్న రోజుల్లో పడవలు ఆపేస్తారు గనుక, అక్టోబరులో వెళ్లేవారు జలసంధి దాటే రోజునే విమానానికి టికెట్ తీసుకోకుండా ఉండాలి.