కెనడా మేపుల్ అని అమ్ముతున్నది గోగు మొక్కండీ బాబూ!

విజయనగరం ఊరి బయట ఉన్న ఈ నర్సరీకి 5లో 3 ఇస్తున్నా. మామిడి అంట్లు మాత్రమే చూసుంటే 5 ఇచ్చేదాన్ని, ఆ రెండూ కోసింది "కెనడా మేపుల్" కుండీలకి. పేరు రాయట్లేదు, ఇదే సరుకు ఇదే పేరుతో ఇంకా చాలా చోట్ల అమ్ముతున్నారు కాబట్టి.

గేటు పక్కనే వరసగా పెట్టారు. ముదురెరుపు ఆకు, అయిదు చీలికలు, అంచున సన్నటి పళ్ళు. దూరం నుంచి చూస్తే జపనీస్ మేపులే అనిపిస్తుంది, అది ఒప్పుకుంటా. ధర 450. "కడియం నుంచి దించినాం అమ్మా, ఒరిజినల్ కెనడా చెట్టు" అన్నాడు కుర్రాడు.

మేపుల్‌ని పోల్చుకోవాలంటే ముందు ఆకులు కొమ్మ మీద ఎలా వచ్చాయో చూడాలి. ఏ మేపుల్‌కైనా ఒకే కణుపు దగ్గర రెండాకులు ఎదురెదురుగా వస్తాయి. ఇక్కడేమో ఒకటి ఇటు, ఇంకాస్త పైన ఒకటి అటు. దాంతోనే తేలిపోయింది గానీ ఊరుకోలేక, అడిగే, ఒక రెమ్మ విరిచా. పుటుక్కుమనలేదు, తొక్క నారలా సాగుతూ వచ్చింది. ఆకు నమిలితే పులుపు! చివర్లో ఉన్న ముదురు మొక్కకి మందార జాతి పువ్వు, గోంగూర కాయ లాంటి ఎండు కాయ కూడా ఉన్నాయి. మేపుల్ కాయ అయితే జంటగా ఉంటుంది, రెండు గింజలు అతుక్కుని చెరో రెక్కతో, రాలేటప్పుడు గిరగిరా తిరుగుతూ పడతాయి. ఇది ఆఫ్రికా ఎర్రాకు గోగు, హైబిస్కస్ అసిటోసెల్లా, మన గోంగూరకి దగ్గరి చుట్టం. గోగునార పండించి జూట్ మిల్లులకి తోలిన జిల్లాలో గోగునే మేపుల్ అని అమ్మడానికి ఎంత ధైర్యం ఉండాలండీ.

పోనీ అసలు మేపుల్ తెప్పించమని కూడా అడక్కండి. గట్టి చలి పడితేనే ఆ చెట్టు సరిగ్గా నిద్రపోయి మళ్ళీ చిగురిస్తుంది, మన మే ఎండలకి ఆకులు మాడిపోతాయి. మన దేశంలో ఉన్నవి ఎక్కువగా హిమాలయాల వైపే.

పిల్లల దగ్గరికి అమెరికా, కెనడా వెళ్ళేవాళ్ళు మాత్రం అక్కడే చూసుకోవచ్చు. షుగర్ మేపుల్ ఆకు అంచు నున్నగా ఉంటుంది, చీలికల మధ్య లోపలి మూల గుండ్రం. రెడ్ మేపుల్‌కి అంచంతా పళ్ళు, ఆ మూల కోసుగా ఉంటుంది. సిల్వర్ మేపుల్ ఆకు బాగా లోతుగా చీలి, వెనక తెల్లగా మెరుస్తుంది, ముసలి చెట్టు బెరడు పొడుగు పొడుగు పెళ్ళలుగా లేచిపోతుంది. నార్వే మేపుల్‌ని కనిపెట్టడం సులువు, ఆకు కాడ తుంచితే పాలు వస్తాయి, కాయ రెక్కలు దాదాపు ఒకే గీతలో ఉంటాయి.

పేరు మార్చండి అంటే ఓనర్ గారు నవ్వేసి "గోగు అంటే 450 ఎవరిస్తారమ్మా" అన్నారు. నాకూ నవ్వొచ్చింది గానీ స్టార్లు పెంచను. అందం కోసం పెంచుకోడానికి మొక్క బాగానే ఉంటుంది, 60కిస్తే నేనే కొందును.

సువర్ణరేఖ అంట్లు మటుకు కళ్ళు మూసుకుని తీసుకోండి, అంటు కట్టిన చోట గట్టిగా ఉన్నాయి, చిగురు కూడా ఆరోగ్యంగా ఉంది. ఆదివారం సాయంత్రం వద్దు, బండి పెట్టడానికి చోటుండదు.