రెండు వైపులా కాలే కరెంటు పొంగనాల మెషీన్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కారం పొంగనాల కోసం మాత్రమే ఈ మెషీన్ కొందామనుకుంటే వద్దంటాను. పూర్ణం బూరెలు, తీపి పొంగనాలు, పిల్లల స్నాక్స్ డబ్బాలోకి చిన్న చిన్న కేకులు కూడా చేసుకునే ఇల్లయితే తప్పకుండా కొనమంటాను. ఏళ్ల తరబడి వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇదే.

బజారులో ఇవి రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి కింద మాత్రమే వేడెక్కేది, పైన మామూలు మూత ఉంటుంది. స్టవ్ మీది పెనానికీ దానికీ పెద్ద తేడా లేదు. నేను వాడుతున్నది రెండోది. శాండ్‌విచ్ మేకర్‌లాగా మూసుకుంటుంది, కిందా పైనా గుంతలుంటాయి, తిరగేసే పని లేకుండా గుండ్రటి ఉండలు వస్తాయి. 12 గుంతలు, 700 వాట్లు, నాన్‌స్టిక్ పూత. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్ సరిపోతుంది. అరగంట ఆపకుండా నడిచినా కరెంటు మూడో వంతు యూనిట్‌కు కాస్త అటూఇటుగా కాలుతుంది, కాబట్టి బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు.

మాది అనంతపురం వైపు. పొద్దున టిఫిన్‌కు పొంగనాలు, పక్కన పల్లీల చట్నీ, ఎర్రకారం. ఆ పొంగనం కింది వైపు ఎర్రగా కాలి కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. ఇనుప పెనంలో గుంతకు అర చెంచా నూనె వేస్తాం, పిండి అంచు ఆ నూనెలో వేగుతుంది, మూత తీయగానే ఆవిరి పోతుంది. ఈ మెషీన్‌లో అలా కుదరదు. రెండు పలకలూ దగ్గరగా మూసుకోవడంతో పిండిలోంచి వచ్చిన ఆవిరి చాలావరకు లోపలే ఉండిపోతుంది. రంగు బాగానే వస్తుంది గానీ పైపొర తీసిన కాసేపటికే మెత్తబడుతుంది. మా అమ్మ ఒకటి తిని, "ఇవి పొంగనాలు కావే, ఇడ్లీకి చెల్లెళ్లు" అంది. రుచి విషయంలో ఆమె మాటే నిజం.

అయినా పూర్తిగా వదిలేయక్కర్లేదు. పిండి సంగతి చూసుకుంటే చాలా తేడా వస్తుంది. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు మినప్పప్పు, గుప్పెడు అటుకులు, చెంచా మెంతులు వేసి రుబ్బుతాను. దోసెల పిండి జారు పనికిరాదు, ఇడ్లీ పిండి అంత చిక్కగా ఉండాలి. బాగా పొంగిన పిండిని అలాగే పోస్తే వేడికి ఇంకా పొంగి మూతను పైకి తోస్తుంది, అంచుల్లోంచి కారి కీలు దగ్గర మాడుతుంది. అందుకే గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి గాలి తీసేశాకే పోస్తాను. గుంత అంచుకు కొంచెం కిందే ఆపాలి. ఎక్కువైతే ప్రతి ఉండ చుట్టూ పల్చటి రెక్క వస్తుంది, తక్కువైతే పై పలక తగలక నెత్తి తెల్లగా మిగిలిపోతుంది.

ఉల్లిపాయ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పచ్చి ఉల్లి ముక్కలు ఉప్పు తగలగానే నీరు వదులుతాయి, ఆ నీరంతా మూసిన గుంతలో ఆవిరవుతుంది. అదే ఆవాలు, జీలకర్ర, నానబెట్టిన శనగపప్పు పోపులో ఉల్లినీ పచ్చిమిర్చినీ వాడ్చి, చల్లార్చి కలిపితే పొంగనం బాగా గట్టిపడుతుంది. నాలుగు నిమిషాలకు మూత తీసి, పుల్లతో ఒక్కొక్కటీ తిప్పి, మూత తెరిచే ఉంచి ఇంకో నిమిషం కాల్చండి. అప్పుడు కాస్త కరకర వస్తుంది. ఇనుప పెనం అంత రాదు.

ఇక బూరెలు. నా దృష్టిలో ఈ మెషీన్‌కు పెట్టిన డబ్బు ఇక్కడే గిట్టుబాటైంది. గుంతల్లో నెయ్యి రాసి, చోవి పిండి (పూర్ణం చుట్టూ తోపుగా పట్టే పిండి) సగానికి తక్కువ పోసి, గోళీ కంటే కాస్త పెద్ద పూర్ణం ఉండ మధ్యలో ఉంచి, పైన ఇంకో చెంచా పిండి వేసి మూసేయాలి. పై పలక వేడిగా ఉండడం వల్ల నెత్తిన పోసిన పిండి వెంటనే గట్టిపడి పూర్ణాన్ని కప్పేస్తుంది. నూనె మూకుడులో బూరె పగిలి పూర్ణం బయటికి రావడం, నూనెంతా నల్లబడడం ఇందులో ఉండవు. విరిస్తే చుట్టూ పల్చటి తోపు, మధ్యలో ఏలకుల వాసనతో పొగలు కక్కే పూర్ణం. నూనె తగ్గించమని డాక్టర్ చెప్పిన మా నాన్నగారికి ఇవే చేసి పెడుతున్నాను. వరలక్ష్మీ వ్రతం నాడు మాత్రం నైవేద్యానికి నూనెలో వేయించిన బూరెలే. ఆ రుచి వేరు, అందులో రాజీ పడను.

గోధుమ పిండి, బెల్లం పాకం, మగ్గిన అరటిపండు, కొంచెం కొబ్బరి కలిపి వేసిన తీపి పొంగనాలు కూడా చక్కగా వస్తాయి. బెల్లం ఉన్న పిండి తొందరగా ఎర్రబడుతుంది, మూడో నిమిషంలోనే మూత ఎత్తి చూడాలి. ఒక వాయి అయ్యాక గుంతలు తుడవకపోతే మిగిలిన పాకం మాడి రెండో వాయికి చేదు పట్టిస్తుంది. కేకులకు వంక పెట్టడానికేం లేదు. రాగి పిండి మాత్రం కొంచెం మినప పిండి కలిపితేనే ఊడి వస్తుంది.

పూత ఎంతకాలం నిలుస్తుందన్నది మనం వాడే తీరును బట్టి ఉంటుంది. నాది ఇప్పటికీ వాడకంలోనే ఉంది గానీ మధ్య గుంతల్లో రెండు మూడు అంటుకోవడం మొదలైంది. స్టీలు చెంచా తగలనివ్వకండి, చెక్క పుల్లే వాడండి. డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రేలలో చాలావాటిలో లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది, అది వేడికి జిగురులా పేరుకుపోతుంది. బ్రష్‌తో మామూలు నూనె రాయడమే మేలు. ఖాళీ మెషీన్‌ను వేడి చేసి వదిలేయొద్దు. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే నాన్‌స్టిక్ పూత దెబ్బతినడం మొదలవుతుంది. కడగడానికి నీళ్లలో ముంచకూడదు. ప్లగ్ తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే తడి గుడ్డతో తుడిస్తే సులువుగా పోతుంది, చల్లారితే కీలు సందుల్లో ఎండిన పిండిని పుల్లతో గీకాల్సి వస్తుంది. పలకలు ఊడదీసి కడుక్కునే మోడల్ దొరికితే కొంచెం ఎక్కువ పెట్టైనా అదే తీసుకోండి.

అమెరికా నుంచి వచ్చే బంధువులను కేక్ పాప్ మేకర్ (పుల్లకు గుచ్చే గుండ్రటి చిన్న కేకులు చేసే మెషీన్) తెమ్మనేవాళ్లు కూడా ఉన్నారు. అదీ ఇలాంటిదే, అక్కడి తెలుగువాళ్లు చాలామంది అందులోనే పొంగనాలు వేసుకుంటారు. కానీ అది 120 వోల్టులది, మన ఇళ్లలో వచ్చేది 230. నేరుగా ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది, దానికి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే మళ్లీ ఖర్చు. ఇక్కడిదే కొనుక్కోండి, గుంతల లోతు చేత్తో తడిమి చూసి మరీ.