మూడేళ్ల సిమ్యులేటర్ డ్రైవింగ్: నన్ను మార్చింది సీటు కాదు, బ్రేక్ పెడల్

రేసు కారు నడపడాన్ని అనుకరించే ఆటను గేమ్‌ప్యాడ్‌తో మొదలుపెట్టి, చక్రాల పట్టును చేతులకు తెలిపే మోటారు స్టీరింగు, పెడల్స్, చివరకు నాలుగు మూలలా యాక్చుయేటర్లున్న (సీటును పైకీ కిందకీ కదిపే మోటారు కడ్డీలు) మోషన్ సీటు దాకా వచ్చి మూడేళ్లయింది. కొలతలు, సామర్థ్యాలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. నా సంతోషమంతా బ్రేక్ పెడల్ ఒక్కదాని మీదే.

పాత పెడల్ కాలు ఎంత దూరం కదిలిందో కొలిచేది. ఇప్పటి లోడ్‌సెల్ పెడల్ కాలు ఎంత బలంగా నొక్కిందో కొలుస్తుంది. వినడానికి చిన్న తేడాయే గానీ, కాలికి దూరం కన్నా బలమే బాగా గుర్తుంటుందని నాకు మొదటి వారంలోనే తెలిసివచ్చింది. చక్రాలు బిగుసుకుపోయే అంచు దాకా నొక్కి, మలుపులోకి తిరుగుతూ ఆ ఒత్తిడిని కొద్దికొద్దిగా వదలడం గేమ్‌ప్యాడ్ ట్రిగ్గర్ మీద నాకెన్నడూ కుదరలేదు. ఇప్పుడది ఆలోచించకుండానే జరిగిపోతోంది.

మోషన్ సీటు వచ్చిన కొత్తలో, దానివల్లే ల్యాప్ టైము (ట్రాక్‌ను ఒకసారి చుట్టేందుకు పట్టే సమయం) తగ్గిందని అడిగినవారికీ అడగనివారికీ చెప్పాను. గత ఏడాది ఎడమ వెనుక యాక్చుయేటర్ పైకి లేచిన చోటే ఇరుక్కుపోయింది. సీటు కుడివైపుకు ఒరిగి ఉండడంతో, తిన్నని రోడ్డు మీద కూడా కారు ఎడమకు తిరుగుతోందని ఒళ్లు నమ్మేసింది. కళ్లు కాదంటున్నా చేతులు స్టీరింగును కుడికి దిద్దబోయి, ఆ రాత్రి మూడుసార్లు గడ్డిలోకి వెళ్లాను. విడిభాగం వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోగా సీటును ఆపేసి నడిపితే ల్యాప్ టైము దాదాపు మారలేదు, నా పాత పొగడ్తకు అది కాస్త ఇబ్బందికరమే. ఆలోచిస్తే కారణం కనిపించింది: ఈ సీటు లేవగలదు, వంగగలదు గానీ అడ్డంగా తిరగలేదు కనుక, వెనుక చక్రాలు జారడం నాకు మొదటి నుంచీ స్టీరింగు ద్వారానే తెలిసేది. బ్రేకు వేసినప్పుడు ముందుకు 5 డిగ్రీలు వంగినా గురుత్వాకర్షణ వల్ల ఒంటికి తెలిసేది 0.09 జీ, అంటే ఒంటి బరువులో తొమ్మిది శాతమంత బలం మాత్రమే. రేసు కారు బ్రేకింగు 1 జీ దాటుతుంది.

బాగుచేయించాక కదలికను సగానికి తగ్గించాను. కారు ప్రయాణంలో వికారం వచ్చే స్వభావం నాది, పైగా వీఆర్ (కళ్లకు తొడుక్కునే తెర) కాకుండా మామూలు తెర మీదే, రోజుకు గంటకు మించకుండా నడుపుతాను. ఈ అలవాట్లు లేనివారికి సీటు ఇంకా ఎక్కువే ఇవ్వవచ్చు. గతుకుల ర్యాలీ దారుల్లో మాత్రం నేనే దాన్ని మళ్లీ పూర్తిగా పెంచుతాను, టైము కోసం కాదు.