ముఠాల లెక్క తేలింది, రికార్డింగ్ లింకే తేలలేదు

బెంగళూరు విజయనగర్‌లో సివిల్స్ కోచింగ్ సెంటర్లకు కొదవలేదు. ఇక్కడ ప్రపంచ చరిత్ర వీకెండ్ బ్యాచ్‌లో చేరడానికి కారణం ఒక్కటే. సార్‌ది కర్నూలు, డౌట్ వస్తే బ్రేక్‌లో తెలుగులో చెప్తారని రూమ్మేట్ అన్నాడు. ఫ్రెంచి విప్లవం గురించే రాస్తున్నా, నా ఫీజు గిట్టుబాటైంది అక్కడే.

గైడ్లలో 1789లో బాస్టీల్ జైలు కోట పతనం, 1793లో రాజుకి గిలొటిన్ (తల నరికే యంత్రం) అని రెండు లైన్లలో తేల్చేస్తారు. సార్ మాత్రం 1792 ఏప్రిల్‌లో ఆస్ట్రియాతో మొదలైన యుద్ధం దగ్గర బండి ఆపేశారు. రాజు పదహారో లూయీకి యుద్ధం కావాలి, ఫ్రాన్స్ ఓడిపోతే పోయిన అధికారం తిరిగొస్తుందని ఆశ. రాజుకి పడని గిరోండిన్ల ముఠాకీ, వాళ్ళ నాయకుడు బ్రిస్సోకీ యుద్ధమే కావాలి, రాజు అసలు రంగు బయటపడుతుందని. వద్దు మొర్రో అని జాకోబిన్ క్లబ్బులో (విప్లవకారుల సంఘం) మొత్తుకున్నది ఇంకో విప్లవ నాయకుడు రోబెస్పియర్. చివరికి ఆగస్టు 10న రాజు ఉండే ట్విలరీ ప్యాలెస్ మీద జనం విరుచుకుపడ్డారు, సెప్టెంబర్ 21న రాజరికమే రద్దయింది. మరుసటి ఏడు జనవరిలో రాజు తల పోయింది, అక్టోబర్‌లో బ్రిస్సోది. ముఠాల గురించి మా సీమవాళ్ళకి ఒకరు చెప్పాలా అనుకునేవాణ్ణి గానీ, పగవాళ్ళిద్దరూ ఒకే యుద్ధాన్ని కోరుకోవడం నాకూ కొత్తే.

తర్వాత, రాజుకి ఏ శిక్ష వేయాలని సభలో జరిగిన ఓటింగ్‌ని మాచేత చేయించడానికి సార్ చీటీలు పంచారు. ఒక్కో చీటీలో ఒక్కో సభ్యుడి పేరు, అతను వేసిన ఓటు. అప్పట్లో ఒక్కొక్కరూ వేదికెక్కి అందరికీ వినపడేలా చెప్పాలట, మేమూ అలాగే చెప్పాలి. నాకొచ్చింది ఓర్లియాన్ ప్రభువు, రాజుకి చుట్టం. లేచి "మరణశిక్ష" అంటుంటే వెనక బెంచీలో ఎవరో "ఓరి నీ!" అన్నారు, క్లాసంతా నవ్వులు. 721 మందిలో ఏ షరతూ లేకుండా మరణశిక్షే అన్నవాళ్ళు 361. ఆ అంకె ఇక జన్మలో మర్చిపోను. ఆ ప్రభువునీ నవంబర్‌లో గిలొటిన్‌కే పంపారు.

ఇక గొడవలు. 1794కి వచ్చేసరికి టైమ్ అయిపోయి, రోబెస్పియర్ పతనం హడావిడిగా ముగించేశారు. ఒక క్లాస్ మిస్సయితే రికార్డింగ్ కోసం రిసెప్షన్ చుట్టూ తిరగాల్సి వచ్చింది, "రేపు మేడమ్ పంపిస్తారు" అన్న మాటే తప్ప లింక్ రాలేదు. ప్రింటెడ్ నోట్స్‌కి వేరే డబ్బులు, అందులో మ్యాప్ నల్లగా మాడిపోయిన జిరాక్స్. మూడున్నర స్టార్లు. చేరేవాళ్ళు డెమో క్లాస్ రోజే రికార్డింగ్ సంగతి వాట్సాప్‌లో రాయించుకోండి.