బేగంబజార్ 500 చిప్పుల పోకర్ పెట్టె: చిప్పులు భేష్, పేక దండగ

ఇంట్లో ఎనిమిదిమంది టోర్నమెంటుకు ఈ అల్యూమినియం పెట్టె చాలు. చిప్పులు 11.5 గ్రాములవి, లోపల ఇనుప బిళ్ళ ఉంది. వాటిమీద విలువ అచ్చులేదు కాబట్టి ఏ రంగు ఎంతో ముందే కాగితమ్మీద రాసి బల్లమీద పెట్టండి. మనిషికి 25వి 8, 100వి 8, 500వి 4, 1000వి 7 పంచితే సరిగ్గా 10,000. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు) 50/100తో మొదలెట్టండి.

పేక కట్టలే దండగ. పూత పూసిన కాగితం, నాలుగు గంటలు కలిపేసరికి మూలలు వంగుతాయి. ముందు పాడయ్యేవి ఆసులు, రాజులే, పదేపదే మూల ఎత్తి చూసుకునేది వాటినేగా! గుర్తు తెలిసిపోయాక మీకు రెండు ఆసులొచ్చినా ఎవరూ చిప్పు వేయరు. పూర్తి ప్లాస్టిక్ కట్ట విడిగా కొనండి.

లోపలి సూచనల చీటీ, బలమైన ముక్కలొస్తే పందెం పెంచకుండా, ఉన్న పందెం మాత్రమే కట్టి ఆటలో కలవమంటుంది. వినకండి. చేతికి రెండు ముక్కలొచ్చే ఈ ఆటలో (టెక్సస్ హోల్డెమ్) ఆసుల జత సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. ఎదుట ఒక్కరే ఉంటే గెలుపు 85 శాతం, నలుగురిని చవగ్గా రానిస్తే సుమారు 56. అందుకే పందెం 250–300కి పెంచాలి. ఆసు-రాజు చూసి మురిసిపోవద్దు, అది జత కాదు. రాణుల జత ఎదురైతే వెనకబడే ఉంటుంది.

అన్నట్టు, ఆట చిప్పులకే. తెలంగాణలో డబ్బు పెడితే చట్టం ఒప్పుకోదు.