బసుతోలాండ్ హత్యల నివేదికను కుట్టించిన బైండింగ్ దుకాణం

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గరి సందులో ఉన్న ఈ జిరాక్స్, బైండింగ్ దుకాణానికి న్యాయశాస్త్ర విద్యార్థుల పాఠం కోసం రెండు పాత పత్రాలు తీసుకువెళ్లాను. ఒకటి, నేటి లెసోతోలో, అంటే నాటి బసుతోలాండ్‌లో, మందు తయారీ కోసం మనిషిని చంపి మాంసం కోసిన ‘దిరెట్లో’ హత్యలపై మానవశాస్త్రవేత్త జి.ఐ. జోన్స్ బ్రిటిష్ ప్రభుత్వానికి సమర్పించగా 1951లో అచ్చయిన నివేదిక. రెండవది, అలాంటి హత్య కేసులో శిక్షపడిన అక్కడి నాయకుడు బెరెంగ్ గ్రిఫిత్, మరికొందరి అప్పీలుపై 1949లో ప్రీవీ కౌన్సిల్, అంటే నాటి బ్రిటిష్ వలసలకు చివరి అప్పీలు కోర్టు, ఇచ్చిన తీర్పు.

మొదటిసారి తీసిన ప్రతుల్లో తీర్పు పేజీల లోపలి అంచు కుట్టులోకి పోయి, వాక్యాల చివరి మాటలు కనబడలేదు. నేరంలో పాలుపంచుకున్నవారి సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలన్నదే ఆ తీర్పుకు ప్రాణం కాబట్టి, ఒక్క మాట పోయినా పాఠం చెడుతుంది. చూపించగానే యజమాని కుట్టు విప్పి, అదనంగా ఏమీ అడగకుండా మళ్లీ తీయించారు. మూడు రోజుల పని ఆరు రోజులు పట్టింది గానీ, దారంతో విభాగాలుగా కుట్టి, ఉడికించిన మైదా బంకతో కాలికో గుడ్డ అతికించిన ఆ పుస్తకం ఇప్పుడు ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద చదునుగా నిలుస్తుంది.

వెన్ను మీద ఆయన ‘ఆఫ్రికా నరబలులు’ అని బంగారు అక్షరాలు అద్దబోయారు. నేను వద్దంటే, ‘‘నరబలి అంటే అందరికీ తెలుస్తుంది గదా మాస్టారూ’’ అన్నారు. రెండింటికీ ఉన్న తేడా ఆయనకు చెప్పాను. మన పక్క గంజాం కొండల్లో ఖోండులు నేల తల్లికి ఇచ్చిన మెరియా బలి ఊరంతా కలిసి చేసిన క్రతువు. దానిని అణచడానికి కుంఫిణీ ప్రభుత్వం 1845లో చట్టమే చేసింది. దిరెట్లోలో దేవత లేదు. నాయకుల బలం పెంచుతుందని నమ్మిన మందును జంతువు కొమ్ములో నింపుకోవడానికి మనిషిని రహస్యంగా చంపి, మాంసం కోసేవారు. కొందరిని బతికుండగానే కోశారు. బ్రిటిష్ సంస్కరణలు నాయకుల కోర్టులను తగ్గించి, వారి పదవులను అభద్రతలోకి నెట్టడంతో ఈ హత్యలు పెరిగాయని జోన్స్ భావించారు. బెరెంగ్, గబషానే మసుఫా అనే ఇద్దరు పెద్ద నాయకులను 1949లో ఉరితీశారు. అప్రూవర్ల మాట మీద నిలిచిన ఇలాంటి కేసులను పోలీసులే అల్లారని అక్కడి ప్రజలైన బసోతోల్లో చాలామంది నమ్మారు. హంతకులకు శిక్ష పడాలన్నదానిలో నాకు సందేహం లేదు. కానీ పరాయి పాలకుడి పోలీసులు, తోటి నేరస్థుల సాక్ష్యం కలిసినచోట న్యాయమూర్తి ఎంత జాగ్రత్తగా ఉండాలో విద్యార్థులు ఆ పేజీల్లోనే చూడాలి.

ఇదంతా ఆయన ఓపికగా విని, ‘బసుతోలాండ్ ఔషధ హత్యలు’ అని అచ్చు మార్చి వేసి ఇచ్చారు. తొందర లేనివారు, పాత కాగితాల పేజీల వరుస తామే సరిచూసుకుని ఇవ్వగలిగినవారు, నిస్సంకోచంగా ఇక్కడికి వెళ్లవచ్చు.