మదర్‌బోర్డు మారినా ఫెడోరా మారలేదు: ఫ్రేమ్‌వర్క్ 13 మీద లినక్స్

భాగాలను మనమే విప్పి మార్చుకోగలిగే ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ గురించి ఎవరు రాసినా ముందుగా పక్కల్లో అమర్చే పోర్టు కార్డుల (యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ లాంటి పోర్టులుండే, మార్చుకోగల చిన్న ముక్కల) గురించే చెబుతారు. అవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి, వీడియోల్లో బాగా కనిపిస్తాయి. ఇన్నేళ్లు వాడాక నాకు మాత్రం వాటి మీద అంత మోజు లేదు. 2021 చివర్లో ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్‌తో కొన్న యంత్రం ఇప్పుడు ఏఎండీ రైజెన్ 7040 వరుస బోర్డుతో నడుస్తోంది. తెర మారింది, బ్యాటరీ మారింది, కీబోర్డు మారింది. మొదట్లో ఎక్కించిన ఫెడోరా 35 (లినక్స్‌లో ఒక రకం) మాత్రం ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు అప్‌గ్రేడ్ అవుతూ అలాగే కొనసాగుతోంది. డిస్కు చెరిపి మళ్లీ ఎక్కించాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. పెట్టిన డబ్బుకు నాకు దక్కిన అసలు ఫలం అదే.

నేనుండేది అమెరికాలో. అప్పట్లో నా అవసరాలు మూడు: ర్యామ్ బోర్డుకు అతికించి ఉండకూడదు, బ్యాటరీని నేనే మార్చుకోగలగాలి, విండోస్ కోసం డబ్బు కట్టకూడదు. సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఈ మూడూ కలిసి దొరకడం అప్పుడు కష్టంగానే ఉండేది. లినక్స్‌తోనే వచ్చే ల్యాప్‌టాప్‌లు లేకపోలేదు. డెల్ ఎక్స్‌పీఎస్ 13 ఉబుంటుతో దొరికేది కానీ, దాని ర్యామ్ బోర్డుకే అతికించి ఉండేది. ఫ్రేమ్‌వర్క్ కంపెనీ ఆ ఏడాదే, 2021 జులైలో, తొలి ల్యాప్‌టాప్‌లను కొనుగోలుదారులకు పంపడం మొదలుపెట్టింది. ర్యామ్, డిస్కు, ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా విడిగా కొనుక్కునే రకం 749 డాలర్ల నుంచి, అన్నీ అమర్చి ఇచ్చేది 999 డాలర్ల నుంచి మొదలయ్యేది. నేను మొదటిదే తీసుకున్నాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బయట తగ్గింపు ధరల్లో కొనుక్కున్నాను.

అప్పుడు నా తోటి ఉద్యోగులందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: రేపు ఈ కంపెనీ మూతపడితే ఆ మార్చుకునే భాగాలన్నీ ఎక్కడ దొరుకుతాయి? ఆ సందేహంలో న్యాయముంది. విడిభాగాలు మారుస్తామని మాట ఇచ్చి, తర్వాత డిజైన్ మార్చేసిన కంపెనీలను అంతకుముందు చూశాం. ఫ్రేమ్‌వర్క్ విషయంలో ఇప్పటికి జరిగింది వేరు. 2022లో ఇంటెల్ 12వ తరం, 2023లో 13వ తరం, ఏఎండీ 7040, 2024లో కోర్ అల్ట్రా, 2025లో రైజెన్ ఏఐ 300 బోర్డులు వచ్చాయి. అన్నీ 2021 నాటి డబ్బాలోనే సరిగ్గా కూర్చుంటాయి. ఒక కంపెనీ మాటను తూచడానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు అక్కర్లేదు.

ఇక బోర్డు మార్పిడి. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన చిన్న స్క్రూడ్రైవర్ తప్ప వేరే పనిముట్టు వాడలేదు. అడుగున అయిదు స్క్రూలు ఉంటాయి. అవి వదులవుతాయే తప్ప ఊడి కింద పడవు. తిరగేసి కీబోర్డు ఉన్న పైభాగాన్ని ఎత్తితే లోపలిదంతా కనిపిస్తుంది. ప్రతి భాగం మీద దాని పేరు, ఫోనుతో స్కాన్ చేస్తే సూచనల పేజీకి తీసుకెళ్లే క్యూఆర్ కోడ్ ముద్రించి ఉంటాయి. ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి. ఆ తర్వాత తెర కేబుల్, స్పీకర్లు, కెమెరా తీగ. వీటిలో చెమటలు పట్టించేది వైఫై యాంటెనా తీగల పనే. వాటి కొనలు నువ్వుగింజంత ఉంటాయి. సరిగ్గా పైన పెట్టి నిలువుగా నొక్కితే టక్కుమని కూర్చుంటాయి. పక్కకు నొక్కితే మాత్రం వంగిపోతాయి, ఓపిక పట్టక తప్పదు. పాత బోర్డులోని ఇంటెల్ ఏఎక్స్210 వైఫై కార్డు ఏఎండీ బోర్డులోనూ పనిచేస్తుంది కాబట్టి దాన్నే కొత్తదానికి మార్చాను. ర్యామ్‌కు ఆ వీలు లేదు. 11వ తరం బోర్డు డీడీఆర్4 రకం ర్యామ్ వాడితే, 7040కి డీడీఆర్5 కావాలి. బోర్డు ధర ఒక్కటే చూసి లెక్క వేసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇటీవల మెమరీ ధరలు పెరిగిన తీరు చూస్తే ఈ ఖర్చు చిన్నదేమీ కాదు.

మూత పెట్టి పవర్ బటన్ నొక్కాక తెర నల్లగానే ఉండిపోయింది. ఈ సంగతి ముందే చదివి ఉండకపోతే గుండె జారిపోయేదే. కొత్త ర్యామ్‌ను మొదటిసారి చూసినప్పుడు బోర్డు దానికి తగిన సమయాలను పరీక్షించి ఖరారు చేసుకుంటుంది. డీడీఆర్5తో దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత డిస్కు ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ అడిగే ఫెడోరా తెర వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టాను. నా డెస్క్‌టాప్ నిన్న ఎలా వదిలానో అలాగే తెరుచుకుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ పోయి ఏఎండీ గ్రాఫిక్స్ వచ్చినా ఏ డ్రైవరూ వెతకలేదు, దేన్నీ తీసివేయలేదు. డ్రైవర్లు లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంటాయి. ఏ చిప్ కనిపిస్తే దానిది అప్పుడే ఎక్కుతుంది. సిస్టమ్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే బూట్ వివరాలు పాత బోర్డు మెమరీలోనే ఉండిపోయినా, డిస్కు మీద ఫెడోరా ఉంచే ప్రత్యామ్నాయ బూట్ ఫైలు కొత్త బోర్డులో ఆ నమోదును తానే రాసుకుంది. భాగాలు మార్చుకోగల యంత్రానికి లినక్స్ ఎంత సహజమైన జోడో ఆ రోజు కళ్లారా చూశాను.

ల్యాప్‌టాప్ నిద్ర (సస్పెండ్) విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లినక్స్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, చాలామంది అడగనిదీ ఇదే. మూత మూశాక బ్యాటరీ ఎంత తగ్గుతుంది? 11వ తరం బోర్డులో రెండు రకాల సస్పెండ్ ఉంది. మామూలుగా వచ్చేది తేలికపాటిది, అందులో ప్రాసెసర్ కునుకు మాత్రమే తీస్తుంది. ఎస్3 అనే పాత పద్ధతిలో ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నింటికీ కరెంటు ఆగిపోతుంది. కెర్నల్ ఆప్షన్లలో ఒక మాట చేర్చి ఎస్3కి మారాక రాత్రంతా సంచిలో ఉన్నా బ్యాటరీ నిలిచేది. కాకపోతే మూత తెరిచాక లేవడానికి కొన్ని సెకన్లు తీసుకునేది. 12వ తరం నుంచి ఎస్3 లేదు. ఏఎండీ బోర్డులోనూ లేదు, కానీ దాని తేలిక నిద్ర ఇంటెల్ 11వ తరంలో ఉన్నదాని కంటే ఎంతో మేలు. ఇప్పుడు రాత్రి మూసి ఉదయం తెరిస్తే తగ్గుదల నాకు పట్టించుకునేంత కనిపించడం లేదు, వెంటనే లేస్తుంది కూడా.

ఇక్కడే పోర్టు కార్డుల అసలు గుణం బయటపడుతుంది. లోపల ప్రతి కార్డూ యూఎస్‌బీ-సి పోర్టుకే తగులుకుంటుంది. ఉత్త యూఎస్‌బీ-సి కార్డు తీగ లాంటిదే కాబట్టి దాంతో పేచీ లేదు. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కార్డుల్లో సొంత చిప్ ఉంటుంది. కేబుల్ పెట్టకపోయినా అది కొంత కరెంటు తీసుకుంటుంది. తర్వాతి రోజుల్లో కంపెనీ సవరించిన కార్డులు తెచ్చింది. అయినా ప్రొజెక్టర్ అవసరం ఉన్న రోజు తప్ప హెచ్‌డీఎంఐ కార్డును నేను డ్రాయరులోనే ఉంచుతాను. ఏఎండీ బోర్డులో నాలుగు పోర్టులూ ఒకటి కావని కూడా తెలుసుకోవాలి. వెనుక రెండూ అన్నిటికంటే వేగమైన యూఎస్‌బీ4 రకం. ముందు వాటిలో ఒకదాని నుంచి తెరకు బొమ్మ రాదు. మానిటర్ వెలగలేదని కేబుల్‌ను తిట్టుకునే ముందు కార్డు ఎక్కడ పెట్టారో చూసుకోండి.

తెర గురించి తెలుగు చదివేవాడిగా చెబుతాను. 13.5 అంగుళాల తెర, 3:2 నిష్పత్తి, 2256 × 1504 పిక్సెళ్లు. మామూలు వెడల్పు తెరల కంటే ఎత్తుగా ఉంటుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు, వత్తు కింద మళ్లీ వత్తు వచ్చే అవకాశం ఉంది కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ పేజీ పట్టేచోట తెలుగు పేజీ పట్టదు. ఎత్తయిన తెర ఆ కొరతను చాలావరకు తీరుస్తుంది. ‘లక్ష్మి’, ‘శాస్త్రం’ వంటి మాటల్లో వత్తులు చిన్న సైజులోనూ విడివిడిగా తెలుస్తాయి. అయితే అక్షరాలు, బొమ్మల సైజును పెంచే స్కేలింగ్ ఈ తెరకు 100 శాతం మరీ చిన్నది, 200 శాతం మరీ పెద్దది, 150 శాతం కావాలి. ఫెడోరా డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో ఇలా భిన్నంలో స్కేలింగ్ పెడితే, తెర మీద బొమ్మ గీసే పాత ఎక్స్11 పద్ధతిలో నడిచే ప్రోగ్రాముల్లో అక్షరాలు మసకబారేవి. ఇంగ్లిష్‌లో సర్దుకుపోగలిగే ఆ మసక, తెలుగు వత్తులను ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. చాలా ప్రోగ్రాములు దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌కు మారడంతోనూ, 2024లో వచ్చిన గ్నోమ్ 47లోని ప్రయోగాత్మక సెట్టింగ్‌తోనూ ఈ బాధ చాలా తగ్గింది. నాకు పూర్తిగా తీరింది మాత్రం 2880 × 1920 తెర కొన్నాకే. దానికి 200 శాతం సరిగ్గా సరిపోతుంది, భిన్నాల గొడవే లేదు. తెర మార్చడం బోర్డు మార్చడం కంటే సులువు. చుట్టూ ఉన్న ఫ్రేము అయస్కాంతాలతో అతుక్కుని ఉంటుంది, గోటితో లాగితే వస్తుంది. కొత్త తెర మూలలు గుండ్రంగా ఉంటాయి, అది నచ్చనివాళ్లూ ఉన్నారు.

తెలుగు టైపింగ్‌కు ఐబస్ (లినక్స్‌లో భాషలు టైప్ చేయించే ప్రోగ్రాము)లో ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగు కీల అమరిక ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ రెండూ దొరుకుతాయి. నేను ఇన్‌స్క్రిప్ట్ వాడతాను. ఈ కీబోర్డులో కీ దిగే లోతు బాగుంటుంది, గంటల తరబడి రాసినా వేళ్లు అలసిపోవు. ఒకసారి చుట్టాల పిల్లవాడు దాని మీద పళ్లరసం ఒలికించాడు. కీబోర్డు ఒక్కటే విడిగా కొనవచ్చు కానీ, దాన్ని పట్టి ఉంచే పదుల కొద్దీ చిన్న స్క్రూలు విప్పాలి. టచ్‌ప్యాడ్‌తో కలిపి పైభాగం మొత్తం కొన్నాను. బిగించాక వేలిముద్రలు మళ్లీ నమోదు చేసుకున్నాను, పని అయిపోయింది.

బ్యాటరీ మొదట 55 వాట్ అవర్లు. పాతబడ్డాక అదే కొలతల్లో 61 వాట్ అవర్లది వేశాను. సినిమాలు చూసే ఫెడోరా వాడుకరులకు ఒక సూచన: పేటెంట్ల కారణంగా ఫెడోరా తన మెసా (గ్రాఫిక్స్ డ్రైవర్ల) ప్యాకేజీలో హెచ్264 అనే వీడియో రకానికి హార్డ్‌వేర్ డీకోడింగ్, అంటే ఆ పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం, ఇవ్వదు. ఫెడోరాకు బయటి ప్యాకేజీలు ఇచ్చే ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి ఫ్రీవరల్డ్ అని ఉన్న మెసా ప్యాకేజీ తెచ్చుకుంటే ఫ్యాను సద్దుమణుగుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు లినక్స్ నుంచే ఎల్‌వీఎఫ్‌ఎస్ అనే సర్వీసు ద్వారా వేసుకోవచ్చు. కెమెరాకు, మైకుకు తెర పైన విడివిడిగా నిజమైన స్విచ్‌లు ఉన్నాయి, నాకు బాగా నచ్చిన ఏర్పాటు. స్పీకర్లు అంతంత మాత్రమే. పాటలకు హెడ్‌ఫోన్లు దగ్గర పెట్టుకోండి. తెరను పట్టి ఉంచే 2021 నాటి హింజ్‌లు వదులుగా ఉండేవి. తర్వాత కంపెనీ గట్టి హింజ్‌లు విడిగా అమ్మింది, అవి వేశాక తెర వేలితో తాకినా ఊగడం లేదు.

తీసేసిన 11వ తరం బోర్డును అమ్మలేదు. కూలర్ మాస్టర్ తయారుచేసే చిన్న పెట్టెలో అమర్చి ఇంట్లో సర్వర్‌గా పెట్టాను. బ్యాటరీ, తెర లేకుండా యూఎస్‌బీ-సి ఛార్జర్‌తోనే నడుస్తుంది, బయోస్ (బోర్డు సొంత సెట్టింగ్‌ల తెర)లో విడిగా నడిచే సెట్టింగ్ ఒకటి ఆన్ చేయాలి అంతే. ఊళ్లో అమ్మానాన్నలు పంపే ఫొటోలు, నా బ్యాకప్‌లు అన్నీ దాని మీదికే చేరతాయి. పాత డీడీఆర్4 ర్యామ్ కూడా అందులోనే ఉంది, ఏదీ చెత్తలోకి వెళ్లలేదు.

మొదటి రోజు ఖర్చు మాత్రమే చూసేవాళ్లకు ఇది లాభం కాదు. అదే ప్రాసెసర్, అదే ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ ఇంతకంటే తక్కువకు వస్తుంది. రెండో బోర్డు కొన్న రోజు నుంచే లెక్క మీ వైపు తిరుగుతుంది. మూడేళ్లకు మించి ఒక యంత్రాన్ని ఉంచుకునే అలవాటు లేకపోతే వద్దనే చెబుతాను.

హైదరాబాద్, విశాఖల నుంచి మిత్రులు అడుగుతుంటారు, తెప్పించుకోవచ్చా అని. ఈ కంపెనీ భారత్‌లో నేరుగా అమ్మడం లేదు. ల్యాప్‌టాప్ ఎవరి చేతనో తెప్పించుకున్నా, ప్రతి విడిభాగానికీ మళ్లీ ఎవరో ఒకరు ప్రయాణం కట్టాల్సిందే. అప్పుడు దీని బలం సగం పోయినట్టే. అక్కడ ఉండేవాళ్లకు నా సలహా 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480. రెండు ర్యామ్ స్లాట్లు, బయటి నుంచి ఊడదీసే బ్యాటరీ, ఏ లినక్స్ అయినా పేచీ పెట్టకుండా ఎక్కే గుణం దానికి ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో అడిగితే దానికి ర్యామ్, కీబోర్డు, బ్యాటరీ వెతుక్కోవడం కష్టం కాదు. అయినా ఫ్రేమ్‌వర్కే కావాలనుకుంటే, తెచ్చేవాళ్ల చేత అదనంగా ఒక బ్యాటరీ కూడా తెప్పించుకోండి. విడి లిథియం బ్యాటరీని చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు, కొనలు దేనికీ తగలకుండా చుట్టి చేతి సంచిలోనే తేవాలి.